వాయిదాల మాస్టారి ఆఖరి వాయిదా

మా బావని ఆ భవనంలో ఎవరూ పేరుపెట్టి పిలవరు. వాయిదాల మాస్టారు అంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పినవాడు కాదు. రంగుల డబ్బాల గోదాములో గుమాస్తా. లారీ వచ్చినప్పుడు డబ్బాలు లెక్కపెట్టుకుని, కంపెనీ పంపిన చీటీతో సరిచూసి, సంతకం పెట్టడం ఆయన పని. ఆ పని బాగానే చేస్తాడు, కాదనను. ఒక్క డబ్బా తేడా వచ్చిందంటే డ్రైవరు ఎంత మొత్తుకున్నా సంతకం పడదు. అయితే మాస్టారు అన్న బిరుదు గోదాము ఇచ్చింది కాదు, ఇంటి అప్పు ఇచ్చింది.

మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు. దాని మీద బ్యాంకులో ఇరవై లక్షల అప్పు, ఇరవై ఏళ్ల గడువు, నెలకి పద్దెనిమిది వేల వాయిదా. అక్కా బావా ఇద్దరి పేరు మీదా తీసుకున్నారు. జామీను సంతకం నాది. మొదటి నెలలోనే బావ ఒక నోటు పుస్తకం తెచ్చి, పేజీలకి గీతలు కొట్టి, నెలకి ఇరవై ఏడు వేలు చొప్పున కడితే తొమ్మిదేళ్లలో అప్పు సున్నా అవుతుందని తేల్చాడు. అందులో తప్పేమీ లేదు. కాగితం మీద లెక్క చేయడంలో ఆయనకి ఎప్పుడూ తప్పు పోదు.

పైన కట్టే తొమ్మిది వేలు ఎక్కడివని ఎవరైనా అడిగితే "పొదుపు" అనేవాడు. ఆ ఒక్క మాటా అని కాసేపు ఆగేవాడు, విన్నవాళ్లు తలలూపడానికి వీలుగా.

నేను కుళాయిలూ గొట్టాలూ బాగుచేసి బతికేవాణ్ని. ఒక పనికి ఎంతసేపు పడుతుందో, చెయ్యి ఎంత నొస్తుందో చూసి దాని విలువ కట్టడం తప్ప వేరే లెక్క నాకు రాదు. ఆ లెక్కన చూస్తే బావ పొదుపులో సగం దండగ, మిగతా సగం ఇంకొకరి చాకిరీ. అరిగిపోయిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అతికించేవాడు. అది ఊడి జాలీలో పడి, స్నానాల గదిలో నీళ్లు మడమల దాకా నిలిస్తే, వంగి జాలీ విప్పింది నేను. మధ్యాహ్నం పూట ఫ్రిజ్ ఆపేస్తే కరెంటు మిగులుతుందని ఒక వేసవంతా ఆపించాడు. విరిగిపోయిన పాలు మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు. బస్సు టికెట్టు తగ్గుతుందని రెండు స్టాపులు ముందే దిగి నడిచేవాడు. ఆ నడకకి మూణ్నెల్లకోసారి చెప్పుల అడుగులు ఊడిపోయేవి. కొత్త అడుగులు వేయించేది అక్క.

ఒకసారి కుళాయి కారుతోందని పిలిచి, పాత సైకిల్ ట్యూబు కోసి వాషర్ చేసి బిగించమన్నాడు. అది నాలుగు రోజులు కూడా ఆగదని నాకు తెలుసు. ఆయన అటు తిరగ్గానే సంచిలోంచి అసలైన వాషర్ తీసి వేశాను. ఆ వారం పదిమంది ముందూ నిలబడి, చిల్లిగవ్వ ఖర్చు లేకుండా కారే కుళాయిని ఎలా ఆపించాడో చెప్పుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. నా వైపు చూసి తల కూడా పంకించాడు, సాక్ష్యం కోసం.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది చొక్కా కాలరు దగ్గర. తొమ్మిదేళ్లలో ఆయన కొన్న చొక్కాలు నాలుగు. మెడ దగ్గర కాలరు అరిగి దారాలు లేస్తే, దాన్ని విప్పి తిరగేసి కుడితే లోపలి వైపు కొత్తదానిలా బయటికి వస్తుంది. చెప్పడానికి ఒక్క వాక్యం. చేయడానికి పూట పడుతుంది. కుట్టు ఒక్కొక్కటే బ్లేడు మొనతో తెంపాలి, గుడ్డకి గాటు పడకూడదు. విప్పిన ముక్కని తడిపి ఇస్త్రీ చేయాలి, పాత మడత చావాలి. మళ్లీ పట్టీలో దూర్చి, సరిగ్గా పాత సూది రంధ్రాల మీదే కుట్టు పోనివ్వాలి. లేకపోతే రెండు వరసలు కనిపించి అతుకు బయటపడుతుంది. అక్క చేసిన కాలరు చూసి అది తిరగేసిందని ఎవరూ చెప్పలేరు, కుట్టుపని తెలిసినవాడు తప్ప. బావ ఆ కాలరు వేలితో ఎత్తి పట్టుకుని, "ఇది నా ఆరో ఏటి చొక్కా" అనేవాడు. నా చొక్కా అనడం వరకు నిజమే.

అక్క మిషన్ వంటింట్లో ఉండేది, స్టవ్వుకీ గోడకీ మధ్య. ఇనప చట్రం, కాలితో తొక్కేది. కూర దించాక స్టవ్వు మీద అట్ట పరిచి, దాన్నే కత్తిరింపుల బల్లగా వాడుకునేది. వీధిలో నాలుగు బట్టల దుకాణాల వాళ్లు ప్యాంట్లు పంపేవారు. కింది అంచులు మడవడం, జిప్పు మార్చడం, నడుము తగ్గించడం, సన్నబడినవాడికి ఒకలా, లావెక్కినవాడికి ఇంకోలా. ఆ సందులో దీపం బావ పెట్టిన చిన్నది. అది వెలగడానికి కూడా తటపటాయించేది. మా మేనకోడలు నవ్వేది: "మామయ్యా, మా ఇంట్లో బల్బు కూడా వాయిదాల్లోనే వెలుగుతుంది."

ఆ ప్యాంట్ల మీద అక్కకి నెలకి తొమ్మిది వేలు వచ్చేవి, ఒక నెల వంద ఎక్కువ, ఒక నెల వంద తక్కువ. ప్రతి నెలాఖరునా ఆ డబ్బు లెక్కపెట్టి బావ చేతికి ఇచ్చేది. బావ తన పుస్తకంలో ఒక గడిలో రాసుకునేవాడు. ఆ గడి పైన శీర్షిక ఏమిటో నేను నా కళ్లతో చూశాను. 'పొదుపు.'

ఇలా రెండేళ్లు గడిచేసరికి ఆయనకి జనం దొరికారు. ఆదివారం పొద్దున బండ్లు పెట్టుకునే చోట నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మొదలైంది. తర్వాత కుర్చీలు చాలక గోడ వెంట నిలబడేవారు. అందరూ ఇంటి అప్పుల వాళ్లే. అసలు ముందు తగ్గించుకుంటే వడ్డీ తనంతట తాను కుంగిపోతుందని, పులిలాంటి అప్పుని పిల్లిని చేయొచ్చని, కోరికకి ఒక రోజు గడువిస్తే అది చచ్చిపోతుందని, ఇలాంటివి చెప్పేవాడు. గొంతు బాగుంటుంది. చేతులు బాగా తిప్పుతాడు. రెండో అంతస్తులో ఉండే టైర్ల వ్యాపారి ఆయన మాటలు రాసుకునేవాడు కూడా. వినేవాళ్లకి టీ అక్క పంపేది. ఆయన మాత్రం ఆ టీ పొడి రెండుసార్లు మరిగించిందని గొప్పగా ప్రకటించేవాడు. తాగేవాళ్ల మొహాలు చూస్తే ప్రకటన అక్కర్లేదు.

ఒక్క మాట ఆయన పక్షాన చెప్పాలి. తాగుడు లేదు, పేకాట లేదు, ఇంట్లో చెయ్యి ఎత్తింది లేదు. అక్కకి ఒక మాట కూడా ఇచ్చాడు. అప్పు తీరిన మర్నాడే ఆమెకంటూ ఒక కొట్టు పెట్టిస్తానని. వీధివైపు తలుపు, నిలబడి గుడ్డ కత్తిరించుకునే ఎత్తు బల్ల, ఆమె పేరుతో బోర్డు. ఆ మాట మీదే అక్క తొమ్మిదేళ్లు తొక్కింది. వంటింట్లో కూర్చుని ఒకరి ప్యాంట్లు మరొకరి దుకాణం పేరుతో బాగుచేసే బదులు, తన గిరాకీని తాను చూసుకోవాలని ఆమె ఆశ. అంతకు మించి ఆమె ఎప్పుడూ ఏమీ అడగలేదు.

బ్యాంకు నుంచి ఏటా నాలుగు పేజీల కాగితం వచ్చేది. ముందువైపు అంకెలు, వెనకవైపు తెలుపు. బావ కవరు చింపి, కాగితాలు బోర్లా తిప్పి, మచ్చలేని తెలుపు చూసి సంతోషించేవాడు. అవన్నీ అక్కకి ఇచ్చేవాడు, కాలర్లకీ జేబు మూతలకీ అచ్చులు గీసుకోమని. అచ్చు కాగితం కొనే ఖర్చు తప్పిందని ఆదివారం ఒక పాఠం కూడా చెప్పాడు. ముందువైపు చదివాడా అంటే, తన పుస్తకం తన దగ్గరుండగా బ్యాంకు వాడిది చదవడం దేనికని ఆయన ఉద్దేశం. గోదాములో చీటీతో సరిచూడకుండా ఒక్క డబ్బా దించనివ్వని మనిషి!

ఆరో ఏట అక్క ఒక జేబు మూత అచ్చు కత్తిరిస్తూ కాగితం తిప్పి చూసింది. అదనంగా వచ్చిన సొమ్ము ముందస్తు వాయిదాల కింద ఉంచామని ఒక వరస. మిగిలిన అసలు ఇంత అని ఇంకో వరస. ఆ అంకె బావ పుస్తకంలో ఉన్నదానికన్నా చాలా పెద్దది. ఆ రోజు ఆదివారం. టీ పళ్లెంతో పాటు కాగితం కూడా పట్టుకుని కిందికి వచ్చింది. నేను అక్కడే మోటారు గొట్టం బిగిస్తున్నాను.

"ఏమండీ, ఇందులో అసలు మీ పుస్తకంలో దానికన్నా ఎక్కువుందే?"

బావ కాగితం చేతిలోకి కూడా తీసుకోలేదు. "బ్యాంకు వాళ్ల కాగితాలు ఎప్పుడూ ఓ ఏడాది వెనకే ఉంటాయి. నువ్వు గుండీల సంగతి చూడు, వడ్డీల సంగతి నేను చూస్తా."

అందరూ నవ్వారు. టైర్ల వ్యాపారి గట్టిగా నవ్వాడు. అక్క పళ్లెం పెట్టేసి పైకి వెళ్లిపోయింది. నేను నవ్వలేదు గానీ నోరూ విప్పలేదు. అంకెలు ఆయన పని, మనకెందుకులే అనుకున్నాను. ఒకరు పని బాగా వచ్చినట్టు మాట్లాడితే వచ్చినట్టే అనుకోవడం నా తప్పు. గొట్టం దగ్గరైతే నేనలా ఎవరినీ నమ్మను, నీళ్లు వదిలి చూస్తాను.

తొమ్మిదో ఏడు చివరికొచ్చింది. అప్పుడే కింద వీధిలో గడియారాలు బాగుచేసే పెద్దాయన కొట్టు ఖాళీ చేస్తున్నానని చెప్పాడు. ఆయన చేతులు వణకడం మొదలైంది. వణికే చేత్తో గడియారం విప్పడం దొంగతనంతో సమానమని, తనంతట తానే మానేశాడు. ఆయనంటే నాకు గౌరవం. కొట్టు ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల లోతు. ముందు అంతా గాజు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ పడకుండా వెలుతురు మాత్రం వస్తుంది. కుట్టుపనికి అంతకన్నా మంచి చోటు ఆ వీధిలో లేదు. అద్దె నాలుగు వేలు, రెండు నెలలది ముందు ఇవ్వాలి. ఫోను కవర్లు అమ్మేవాడు ఆరు వేలిస్తానని అప్పటికే తిరుగుతున్నాడు.

పెద్దాయన అక్కనే పిలిచి చెప్పాడు. "నీ కుట్టు చూశానమ్మా. నువ్వు తీసుకుంటానంటే వాడికి ఇవ్వను. కానీ నెలాఖరు దాటితే ఆగలేను. ఇంటివాడికి నేను తాళం అప్పజెప్పాలి."

నెలాఖరు సోమవారం పడింది. బావ పుస్తకం ప్రకారం ఆఖరి వాయిదా కూడా ఆ సోమవారమే. అక్క వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. ఆ ఒక్కసారి ఆమె మొహంలో దాచుకోలేని సంతోషం చూశాను.

ముందురోజు ఆదివారం బావ ఆఖరి పాఠం చెప్పాడు. అన్ని అంతస్తుల వాళ్లూ వచ్చారు. పుస్తకం చివరి పేజీ పైకెత్తి చూపించాడు, అడుగున ఎర్ర సిరాతో సున్నా, దాని చుట్టూ ఒక పెద్ద సున్నా. ఎర్ర కలం టైర్ల వ్యాపారిది, అడిగి తీసుకున్నాడు. రేపు బ్యాంకులో ఇంటి కాగితాలు తెచ్చుకుని, వచ్చే ఆదివారం అందరికీ చూపిస్తానన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ గంటన్నరలో అక్క ఊసు ఒక్కసారి వచ్చింది, టీ అందరికీ అందిందా అని అడిగినప్పుడు.

సోమవారం ముగ్గురం బ్యాంకుకి వెళ్లాం. జామీను విడిపించుకోవడానికి నేనూ ఉండాలన్నారు. ఆ నెల అక్క డబ్బు అక్క సంచిలోనే ఉంది. అక్కడే కౌంటరు దగ్గర కలిపి కడదామని బావ అన్నాడు, ఆ ముచ్చట అందరూ చూడాలని కాబోలు. కౌంటరులో ఉన్న అమ్మాయి నెంబరు కొట్టి, కళ్లద్దాలు సర్దుకుని, మళ్లీ కొట్టింది.

"సార్, అసలు ఇంకా పదిహేను లక్షల చిల్లర ఉంది."

బావ నవ్వాడు. ఆదివారం నవ్వే అది. వేరే ఎవరి ఖాతానో తీశావమ్మా అన్నాడు. ఆ అమ్మాయి తెర మావైపు తిప్పింది. పేర్లు వీళ్లవే. బావ పుస్తకం తీసి ఎర్ర సున్నా చూపించాడు. ఆమె ఓపికగా వివరించింది. ప్రతి నెలా పైన కట్టిన తొమ్మిది వేలూ అసలుకి పోలేదు. రాబోయే నెలల వాయిదాల కోసం ముందుగా ఇచ్చిన డబ్బు కింద పక్కన పడి ఉంది, మొత్తం తొమ్మిది లక్షల అరవై మూడు వేలు. దాని మీద వీళ్లకి వడ్డీ రాలేదు. అసలు మీద వీళ్లు కట్టాల్సిన వడ్డీ మాత్రం తగ్గకుండా పడుతూనే ఉంది. డబ్బు కట్టే చీటీలో ఒక గడి ఉంటుంది, 'అసలుకి జమ' అని. అందులో టిక్కు పెడితే చాలు.

నూట ఏడు చీటీలు. తన కలంలో సిరా ఖర్చవుతుందని, దారంతో కట్టేసిన బ్యాంకు కలంతోనే ప్రతి నెలా ఆయన ఆ చీటీ రాసేవాడు. అందులో ఒక్క గీత ఎక్కువ గీయలేదు.

"చెప్పాలి కదా మరి?" అన్నాడు బావ.

"ఏటా పంపే కాగితంలో రాసే ఉంటుంది సార్. ఎందులో వేయాలో మాకు తెలియజేయండి అని కూడా అడిగాం. మీకు చేరలేదా?"

చేరలేదని బావ ఎలా అంటాడు? అందరి ప్యాంట్లకీ జేబు మూతలై తిరిగాయవి. అక్క ఆయన వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. తెర మీద అంకెల్నే చూస్తోంది, కొలత ఎక్కడ తప్పిందో వెతికినట్టు.

పక్కన పడి ఉన్న సొమ్మంతా ఇప్పుడే అసలుకి వేయిస్తే ఇంకా ఎంత మిగులుతుందని నేను అడిగాను. ఈ నెల వాయిదా పోను అయిదు లక్షల ముప్ఫై వేల దాకా అంది ఆ అమ్మాయి. అంటే ఆయన నోటితో తీర్చేసిన అప్పులో ఇంకా అంత మిగిలే ఉందన్నమాట. తొమ్మిదేళ్లు అతికించిన సబ్బు ముక్కలన్నీ కుప్పపోసినా దాని అంచుకి చేరవు.

మీరు నమ్మరు గానీ, రెండు నిమిషాల్లో బావ తేరుకున్నాడు. పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. ఏం కొంప మునగలేదని, ఇదే ఇరవై ఏడు వేలు ఇంకో ఇరవై రెండు నెలలు కడితే చాలని, పట్టు సడలకూడదని, ఆదివారం చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టాడు. కొత్త పేజీలో గడులు కూడా గీసేశాడు. అందులో మూడో గడి పైన మళ్లీ 'పొదుపు' అని రాస్తుంటే అక్క చూసింది.

అప్పుడు ఆమె కౌంటరు మీదికి వంగి ఆ అమ్మాయిని అడిగింది. "ఈ పైన తొమ్మిది వేలు కట్టి తీరాలని ఏమైనా ఉందా అమ్మా?"

"లేదండీ, మీ ఇష్టం. మామూలు పద్దెనిమిది కడితే ముప్ఫై నాలుగు నెలలు పడుతుంది. ఇరవై ఏడు కడితే ఇరవై రెండు."

"ఏడాది తేడా."

"అంతేనండీ."

అక్క సంచి మూత బిగించింది. బావ వైపు తిరిగి, గొంతు పెంచకుండా అంది. "ఈ నెల నుంచి నా డబ్బు రాదు. ఆ గడి కొట్టేయండి."

బావకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఏడాది వడ్డీ అంటే మాటలు కాదని, గట్టు చేరే ముందు ఎవరైనా కాళ్లు ఆడించడం మానేస్తారా అని, ఇదేదో ఇంటికి వెళ్లి నిదానంగా మాట్లాడుకుందామని అన్నాడు. వెనక వరసలో జనం చూస్తున్నారు. ఆయనకి ఎప్పుడూ నచ్చే జనమే, ఆ రోజే నచ్చలేదు.

"ఇంట్లో అయితే మీరే మాట్లాడతారు," అంది అక్క. "ఇక్కడ సంతకం పెట్టండి."

పక్కన పడి ఉన్న సొమ్ము అసలుకి మార్చే ఫారం ఆ అమ్మాయి ఇచ్చింది. అక్క దాన్ని మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా వేలు పెట్టి చదివింది. వెనక ఎవరో విసుక్కున్నారు. అక్క తలెత్తలేదు. రెండుచోట్ల అర్థం కాక అడిగింది, చెప్పించుకుంది. టిక్కు తనే పెట్టింది. తర్వాత వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు కూడా చూసి, అక్కడ ఏమీ లేదని రూఢి చేసుకుని సంతకం చేసింది. బావ గోదాము సంతకం పెట్టాడు, పొడుగ్గా, కింద రెండు గీతలతో. ఆ నెల వాయిదా పద్దెనిమిది వేలూ ఆయన జేబులోంచే కట్టాడు. నా జామీను అలాగే ఉండిపోయింది. ఉండనీ అనుకున్నాను.

అక్కడి నుంచి నేరుగా గడియారాల కొట్టుకి నడిచింది అక్క. మేం వెనకాల. పెద్దాయన పట్టకార్లూ చిన్న చిన్న స్క్రూ డ్రైవర్లూ ఒక్కొక్కటే తుడిచి గుడ్డలో చుడుతున్నాడు. ఫోను కవర్ల వాడు అరగంట క్రితమే వచ్చి వెళ్లాడని, చీకటి పడేలోగా మళ్లీ వస్తానన్నాడని చెప్పాడు. అక్క సంచి తెరిచి ఎనిమిది వేలు లెక్కపెట్టి గాజు బల్ల మీద పెట్టింది. పెద్దాయన మళ్లీ లెక్కపెట్టుకున్నాడు, వణికే చేతులతో, నెమ్మదిగా. ఇంటివాడి ముందు కాగితం రాయిస్తానని, తాళం ఇప్పుడే తీసుకోమని అన్నాడు. ఆ గాజు బల్ల కూడా ఉంచుకోమన్నాడు. అక్క వద్దంది. గుడ్డ కత్తిరించడానికి గాజు పనికిరాదు, చెక్క కావాలి. పెద్దాయన సంతోషపడ్డాడనుకుంటాను. వద్దని ఎందుకు అందో ఆయనకి వెంటనే అర్థమైంది.

బావ లోపలికి రాలేదు. కాలిబాట మీద నిలబడి అరచేతిలో వేలితో ఏవో లెక్కలు వేసుకుంటున్నాడు. నేను బయటికి రాగానే నా మోచెయ్యి పట్టుకున్నాడు. అయిదు లక్షల గురించి అడుగుతాడనుకున్నాను.

"ఒరేయ్, ఆదివారం వాళ్లకి ఏం చెప్పను?"

"చీటీలో ఏ గడిలో టిక్కు పెట్టాలో చూపించండి బావా," అన్నాను. "దాన్ని మించిన పాఠం మీ దగ్గర లేదు."

ఆయన మొహం మాడ్చుకున్నాడు. తప్పంతా బ్యాంకుదేనని, సామాన్యుణ్ని ఎలా మోసం చేస్తారో దీన్ని చూసి తెలుసుకోవాలని, దాని మీదే ఒక పాఠం చెప్పొచ్చని దారిపొడవునా తనలో తాను సర్దుకుంటూ వచ్చాడు. ఇల్లు చేరేసరికి వాక్యాలు కూడా కుదిరినట్టున్నాయి, పెదాలు కదులుతున్నాయి.

మర్నాడు పొద్దున మిషన్ దించాలి. కూలికి మనిషిని పిలుద్దామంది అక్క. మూడంతస్తులు దించడానికి ఎవడో మూడు వందలు అడిగాడు. అంత దండగ దేనికని, ఇద్దరం ఉన్నామని బావే ముందుకొచ్చాడు. నేను కింది మెట్టు వైపు, ఆయన పైమెట్టు వైపు. అది పోత ఇనుము. పట్టుకోవడానికి నున్నటి చోటు ఒక్కటీ ఉండదు, అంచులన్నీ వేళ్లని కోస్తాయి. ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలుసు. ఆయనకి తెలియదు. తొమ్మిదేళ్లు దాని పక్కనే అన్నం తిన్నా, దాన్ని ముట్టుకోవడం ఆయనకి అదే మొదటిసారి. ఒక్క అంతస్తు దిగేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. చేతులు మార్చుకుంటానని ఆపి, మెట్టు మీద కూలబడ్డాడు.

రెండో అంతస్తు తలుపు తెరుచుకుంది. టైర్ల వ్యాపారి బయటికొచ్చాడు. మాస్టారు ఇల్లు మారుస్తున్నారేమో అనుకున్నాడట. కాదని తెలిసి మొహం విప్పారింది.

"అయితే తీరిపోయినట్టే! కాగితాలు చేతికొచ్చాయా మాస్టారూ?"

బావ నోరు తెరిచాడు. ఆయాసానికి మాట బయటికి రాలేదు. చెయ్యి మాత్రం లేచింది, ఆదివారం తిప్పినట్టే, మళ్లీ ఒళ్లో పడింది.

వెనకే దారపు కండెల సొరుగు పట్టుకుని దిగుతున్న అక్క ఆగింది. "ఇంకా ముప్ఫై నాలుగు నెలలుంది అన్నయ్యగారూ. బ్యాంకు కాగితం ఎవరూ చదవలేదు. మీదీ ఓసారి తీసి చూసుకోండి." ఆయన ప్యాంటు కింది అంచు వైపు ఒక చూపు చూసి, "అది విడిపోతోంది. కొట్టుకి పంపించండి, రేట్లు గోడ మీద రాసి పెడతాను," అంది.

టైర్ల వ్యాపారి బావ వైపు చూశాడు. బావ మెట్టు వైపు చూశాడు. కాదని అనడానికి కూడా ఇంకా ఊపిరి అందలేదు.

"పట్టుకోండి బావా," అన్నాను. "ఇంకా రెండంతస్తులుంది."